వెర్డాన్ లోయలో రోడ్ సైక్లింగ్: నాలుగు దారులు, ఏది ఎవరికి?

ఫ్రాన్స్ ఆగ్నేయ భాగంలో, ప్రొవాన్స్ కొండల మధ్య, వెర్డాన్ నది సున్నపురాయిని కోసుకుంటూ వెళ్లి ఒక లోయ చేసింది. పొడవు సుమారు 25 కిలోమీటర్లు, కొన్నిచోట్ల లోతు 700 మీటర్లు. దీని చుట్టూ ఉన్న ప్రాంతాన్ని 1997లో ప్రాంతీయ ప్రకృతి పార్కుగా ప్రకటించారు. జాతీయ పార్కు కాదు కాబట్టి గేటూ టికెట్టూ లేవు. ఊళ్లు, పొలాలు, రోడ్లు అన్నీ పార్కు లోపలే ఉంటాయి. లోయకి ఉత్తరపు అంచున ఒక రోడ్డు, దక్షిణపు అంచున ఇంకో రోడ్డు. రెండూ తారు రోడ్లే, రెండూ రోడ్ బైక్‌కి బాగుంటాయి.

చిక్కంతా ఏ దారి తీసుకోవాలన్న దగ్గరే వస్తుంది. మ్యాప్‌లో చూస్తే మొత్తం చుట్టు వంద కిలోమీటర్ల లోపే. మైదానంలో వంద అలవాటైనవాళ్లు "ఇంతేనా" అనుకుని బయల్దేరతారు. మధ్యాహ్నానికి దక్షిణపు అంచు మీద సీసాలో నీళ్లు అయిపోయి, ముందుకెళ్లినా వెనక్కెళ్లినా ఒకే దూరం ఉన్న చోట నిలబడతారు.

## ముందు చూడాల్సినవి

వెనక్కి తిరిగే చోటు. నా లెక్కలో అన్నిటికన్నా ముందు ఇదే. అసలు లోయ పొడవునా వెర్డాన్‌ని రోడ్డు దాటే వంతెన ఒక్కటీ లేదు. పడమటి చివర సెంత్-క్రువా సరస్సు దగ్గర గలెతా వంతెన, తూర్పు చివర సొలేయ్ వంతెన వైపు. ఈ రెండిటి మధ్య ఒక అంచు నుంచి ఇంకో అంచుకి వెళ్లాలంటే రెక్కలు కావాలి. దక్షిణపు అంచున ఆర్తుబీ వంతెన కనిపిస్తుంది కదా అని మ్యాప్ చూసి కొందరు పొరబడతారు. అది దాటేది ఆర్తుబీ అనే ఉపనదిని. దాటాక కూడా మీరు దక్షిణం వైపే ఉంటారు. అందుకే ఏ దారి ఎంచుకున్నా "ఇక్కడి దాకా వచ్చి బాగోలేకపోతే ఏం చేస్తాను" అన్నదానికి జవాబు ముందే ఉండాలి.

మొత్తం ఎక్కుడు. దూరం కన్నా దీన్ని నమ్మండి. బాగా అలవాటున్న మామూలు సైక్లిస్టు గంటకి 500 నుంచి 600 మీటర్ల ఎత్తు ఎక్కుతాడు. అంటే 2000 మీటర్ల ఎక్కుడున్న దారిలో ఎక్కడానికే దాదాపు నాలుగు గంటలు. మిగతా దూరానికి ఇంకో రెండున్నర. ఫొటోలు, తిండి, నీళ్లు కలిపితే ఎనిమిది గంటలు. మైదానంలోని సగటు వేగాన్ని ఇక్కడికి తెచ్చి గుణించకండి.

నీళ్లు, తిండి. ఉత్తరాన లా పాలూ ఊరు మధ్యలో ఉంది. దక్షిణాన ఎగీన్ దాటితే త్రిగాన్స్ వచ్చేదాకా, అంటే 30 కిలోమీటర్లకు పైగా, ఊరనేదే లేదు.

ఎత్తు భయం. దీన్ని చాలామంది ఒప్పుకోరు, కానీ లెక్కలోకి తీసుకోవాల్సిందే. చాలాచోట్ల రోడ్డు పక్కన మోకాలెత్తు గోడే ఉంటుంది. దాని అవతల వందల మీటర్ల శూన్యం.

బండ్ల రద్దీ. జులై, ఆగస్టుల్లో కారవాన్లు, మోటార్‌సైకిళ్లు, అద్దె కార్లు అన్నీ ఇక్కడే. ఇది దారిని బట్టి కన్నా నెలని బట్టీ, గంటని బట్టీ మారుతుంది.

## ఒక్క చూపులో

| దారి | దూరం (సుమారు) | ఎక్కుడు (సుమారు) | మధ్యలో ఆపేయాలంటే | నీళ్లు |
|---|---|---|---|---|
| లా పాలూ నుంచి రూత్ దె క్రెత్ | 24 కి.మీ. | 600–700 మీ. | వన్‌వే భాగం మొదలయ్యేదాకా సులువు | లా పాలూలోనే నింపుకోవాలి |
| ఎగీన్ నుంచి మెస్క్లా వ్యూ పాయింట్ దాకా వెళ్లి రావడం | 50 కి.మీ. | 1000 మీ. | ఎప్పుడైనా వెనక్కి తిరగొచ్చు | ఎగీన్ తర్వాత నమ్మకం లేదు |
| రెండు అంచుల పూర్తి చుట్టు | 90–100 కి.మీ. | 2000 మీ. | సొలేయ్ వంతెన దగ్గర ఆఖరి అవకాశం | లా పాలూ, త్రిగాన్స్, ఎగీన్ |
| పూర్తి చుట్టు + క్రెత్ | 115–125 కి.మీ. | 2600–2700 మీ. | లా పాలూలోనే తేల్చుకోవాలి | పైవే |

ఎక్కుడు అంకెలు మీ సైకిల్ కంప్యూటర్‌లో వంద మీటర్లు అటూ ఇటూ చూపిస్తాయి. కొండ గోడల పక్కన జీపీఎస్ కొంచెం తడబడటం మామూలే.

## రూత్ దె క్రెత్: చిన్నదే, కానీ చులకన కాదు

లా పాలూ ఊరు సుమారు 930 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ మొదలై అక్కడికే చేరే ఈ చుట్టు రోడ్డు (డి23) సుమారు 1320 మీటర్ల దాకా ఎక్కి, లోయ అంచు వెంట వెళ్లి, లా మలీన్ విడిది దగ్గరికి దిగి, మళ్లీ ఊళ్లోకి వస్తుంది. దారిలో వ్యూ పాయింట్లు పదికి పైనే. ఎస్కలెస్ గోడ మీద రాతి ఎక్కేవాళ్లు కింద నుంచి పైకి వస్తూ కనిపిస్తారు. 1999 నుంచి రూగాఁ ఊరి దగ్గర మళ్లీ వదిలిన గ్రిఫన్ రాబందులు కొన్నిసార్లు మీ కన్నా కింద ఎగురుతుంటాయి. పక్షి వీపుని పైనుంచి చూడటం ఇక్కడే.

ఈ రోడ్డులో కొంత భాగం వన్‌వే. అందుకని సవ్యదిశలోనే వెళ్లాలి: లా పాలూ నుంచి తూర్పున ఉన్న కస్తెలాన్ ఊరి వైపు కొంచెం వెళ్లి కుడివైపు మలుపు తీసుకోవాలి. ఊరి పడమటి చివర నుంచి ఎక్కితే లా మలీన్ దాటలేరు. సైకిల్‌కి వన్‌వే వర్తించదనుకోవద్దు. ఎదురొచ్చే కారు డ్రైవరు మిమ్మల్ని అస్సలు ఊహించడు.

ఈ దిశలో లోయ ఎడమవైపు వస్తుంది, మీరు కుడివైపు కొండని ఆనుకుని తొక్కుతారు. ఎత్తు భయమున్నవాళ్లకి ఇది కొంత ఊరట. అయితే వ్యూ పాయింట్ దగ్గర ఆగాలంటే రోడ్డు దాటాలి. పైభాగం దాటాక దిగుడు నిటారుగా ఉంటుంది, మలుపులు దగ్గర దగ్గరగా వస్తాయి. బ్రేకులు నొక్కి పట్టుకుని దిగితే చేతులు మొద్దుబారతాయి. మలుపుకి ముందు గట్టిగా నొక్కి, మలుపులో వదిలేసే అలవాటు లేనివాళ్లు ఇక్కడ నెమ్మదిగా దిగడమే మేలు. చివర్లో మళ్లీ చిన్న చిన్న ఎక్కుళ్లు. కింది దాకా వచ్చేశాం, అయిపోయింది అనుకున్నవాళ్ల పిక్కలకి అవి బాగా తెలుస్తాయి.

చలికాలంలో మంచు వల్ల ఈ రోడ్డు మూసేస్తారు. ఏప్రిల్ మొదట్లోనో నవంబర్‌లోనో వెళ్లేవాళ్లు తెరిచి ఉందో లేదో చూసుకోకుండా ప్లాన్ చేయకూడదు.

ఒక పూట మాత్రమే చేతిలో ఉన్నవాళ్లకి, లోయ మొత్తంలో ఎక్కువ దృశ్యాలు తక్కువ దూరంలో కావాలనుకునేవాళ్లకి నేను కళ్లు మూసుకుని చెప్పేది ఇదే. పొద్దున ఎనిమిదిలోపు మొదలుపెడితే కార్లు రాకముందే పైకి చేరతారు.

## ఎగీన్ నుంచి మెస్క్లా: వెళ్లిన దారినే రావడం

దక్షిణపు అంచు రోడ్డుని (డి71) కొర్నీష్ సుబ్లీమ్ అంటారు. సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉన్న ఎగీన్ నుంచి ఇల్వార్ కనుమ ఎక్కగానే వెనక సరస్సు, ముందు లోయ ఒకేసారి కనిపిస్తాయి. తర్వాత వోమాల్ కనుమ దగ్గర 1200 మీటర్ల దాకా ఎక్కుడు. అక్కడి నుంచి కవల్యే కొండగోడ మీదుగా దిగుడు, ఫయే సొరంగాలు, ఆర్తుబీ వంతెన, చివరికి మెస్క్లా బాల్కనీలు. ఆర్తుబీ వెర్డాన్‌లో కలిసేది మెస్క్లా కిందే.

వెళ్లిన దారినే తిరిగి రావడం చాలామందికి నచ్చదు. ఇక్కడ మాత్రం ఆ చిన్నచూపు తగదు. వెళ్లేటప్పుడు కొండ పక్కన ఉంటారు, తిరిగొచ్చేటప్పుడు లోయ పక్కన. కనిపించేది మారిపోతుంది. ముఖ్యంగా, ఎక్కడ అలసిపోతే అక్కడ సైకిల్ తిప్పేయొచ్చు. ఒక్క హెచ్చరిక: వోమాల్ తర్వాత చాలా దూరం దిగుడే. ఎంత హాయిగా దిగుతారో, తిరిగి అంత ఎక్కాలి. వోమాల్ దగ్గర నిలబడి ఒంట్లో సత్తువ ఎంత మిగిలిందో నిజాయితీగా చూసుకోండి. సగం కన్నా తక్కువ అనిపిస్తే అక్కడే ఫొటో తీసుకుని తిరిగేయండి. లోయ లోతు అక్కడ కూడా తక్కువేం కనిపించదు.

ఆర్తుబీ వంతెన నదికి సుమారు 180 మీటర్ల ఎత్తున ఉంది. బంగీ జంప్ జరిగే రోజుల్లో వంతెన మీద జనం, ఆగిన కార్లు ఉంటాయి. వేగం తగ్గించి వెళ్లాలి. సొరంగాల్లో చీకటి. ముందూ వెనకా లైట్లు బ్యాగులో కాదు, సైకిల్‌కి బిగించి, వెలిగించి ఉండాలి.

## పూర్తి చుట్టు: అసలు పరీక్ష

పడమటి చివర సరస్సుకి దగ్గర్లోని ముస్తియే ఊరి నుంచి మొదలుపెడితే లెక్క ఇలా ఉంటుంది: సరస్సు వైపు దిగి, డి952 మీద 1032 మీటర్ల అయాన్ కనుమ ఎక్కి లా పాలూ, అక్కడి నుంచి పాయింట్ సుబ్లీమ్ అనే వ్యూ పాయింట్, తర్వాత నది పక్కకి దిగి సొలేయ్ వంతెన, అక్కడ డి955 మీద దక్షిణానికి తిరిగి త్రిగాన్స్, డి90 మీద ఎక్కి డి71లో కలిసి, మెస్క్లా, ఆర్తుబీ, వోమాల్, ఎగీన్ మీదుగా సరస్సుకి దిగి, మళ్లీ ముస్తియే. రోజంతా పైన ఉండి చూసిన నది పక్కనే తొక్కేది పాయింట్ సుబ్లీమ్ కింది ఆ కొద్ది దూరమే.

సొలేయ్ వంతెన దగ్గర మూడో వంతు పైచిలుకు దూరమే అయి ఉంటుంది, కానీ నిర్ణయం అక్కడే. వెనక్కి వెళ్తే సుమారు 35 కిలోమీటర్లు, అయాన్ కనుమ ఒక్కటే పెద్ద ఎక్కుడు. ముందుకి వెళ్తే 60 దాకా, ఎక్కుడు సగం పైన ఇంకా మిగిలే ఉంటుంది. 12 కిలోమీటర్ల దూరంలో కస్తెలాన్ ఉంది. అక్కడ విశ్రాంతి దొరుకుతుంది గానీ మీ కారు మాత్రం ముస్తియేలోనే ఉంటుంది. సొలేయ్ వంతెన దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటితే, పగలు ఎంత పొడుగున్నా, నేనైతే వెనక్కి తిరగమనే చెప్తాను.

### సవ్యదిశా, అపసవ్యదిశా?

ఫ్రాన్స్‌లో బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి. ఉత్తరపు అంచున తూర్పుకి, దక్షిణపు అంచున పడమరకి వెళ్తే, అంటే సవ్యదిశలో చుట్టు తిరిగితే, లోయ ఎప్పుడూ కుడివైపే ఉంటుంది. రోడ్డు దాటకుండానే ప్రతి వ్యూ పాయింట్ దగ్గరా ఆగొచ్చు, దృశ్యానికి అడ్డం ఉండదు. ఖరీదు ఏమిటంటే, చిన్న గోడ పక్కనే తొక్కాలి. పక్క నుంచి వెడల్పాటి కారవాన్ దూసుకెళ్తే గుండె ఝల్లుమంటుంది.

అపసవ్యదిశలో మీరు కొండగోడ వైపు ఉంటారు. భయం తక్కువ, ఫొటోలూ తక్కువే. ఇంకో లాభం వేసవిలో తెలుస్తుంది: సరస్సు దగ్గర 480 మీటర్ల నుంచి వోమాల్ 1200 దాకా ఉన్న పెద్ద ఎక్కుడు పొద్దున్నే చల్లగా అయిపోతుంది. నీళ్లు దొరకని దక్షిణపు భాగాన్ని నిండు సీసాలతో, తాజా కాళ్లతో దాటేస్తారు. సవ్యదిశలో అదే భాగం మిట్టమధ్యాహ్నం ఎండలో వస్తుంది, సాయంత్రమైతే ఎదురెండ కళ్లలో పడుతుంది. ఎండలోంచి చీకటి సొరంగంలోకి వెళ్లేటప్పుడు రెండు క్షణాలు ఏమీ కనిపించదు.

మే, జూన్ మొదట్లో, సెప్టెంబర్‌లో అయితే సవ్యదిశ. ఎండాకాలం నడిమధ్యలో వెళ్లక తప్పకపోతే, లేదా కింద శూన్యం చూస్తే కాళ్లు వణుకుతాయంటే, అపసవ్యదిశ.

## చుట్టు + క్రెత్

దీని గురించి ఎక్కువ చెప్పను. ఒకే రోజులో 2000 మీటర్లు ఇబ్బంది లేకుండా ఎక్కే అనుభవం ముందే ఉన్నవాళ్లు మాత్రమే చూడాలి. సవ్యదిశలో వస్తూ లా పాలూలో క్రెత్ చుట్టు పూర్తి చేస్తే రెండు గంటలు అదనం. అక్కడ ఒకసారి గడియారం చూసుకుని, ఉదయం పదకొండు దాటిందంటే క్రెత్‌తోనే రోజు ముగించి ముస్తియేకి తిరిగిపోవడం మంచి ఎంపిక. అది కూడా తక్కువ రోజేమీ కాదు.

రెండు రోజులుంటే ఈ పంతం అక్కర్లేదు. మొదటి రోజు ముస్తియే నుంచి లా పాలూ, క్రెత్ చుట్టు, లా పాలూలో బస. రెండో రోజు మిగతా చుట్టు. మొత్తం దూరం అంతే, కానీ ఎక్కుడు రెండుగా పంచబడుతుంది, సాయంత్రపు వెలుతురులో క్రెత్ చూసే వీలు దొరుకుతుంది. నన్నడిగితే నాలుగు దారుల్లోకీ ఇలా తొక్కడమే బాగుంటుంది.

## ఎవరికి ఏది

మైదానంలో బలంగా తొక్కే, కొండలు కొత్త అయిన వారికి: ఎగీన్–మెస్క్లా. మీకు తెలియనిది కాళ్ల బలం కాదు, పొడుగాటి దిగుడులో చేతులూ మనసూ ఎలా ఉంటాయన్నది. అది నేర్చుకోవడానికి ఎప్పుడైనా వెనక్కి తిరగ్గలిగే దారే సరైనది.

ఒకరు బలంగా, ఒకరు నెమ్మదిగా తొక్కే జంటకి: ఇద్దరూ లా పాలూలో ఉండి, క్రెత్ కలిసి తొక్కండి. తర్వాత బలమైనవాళ్లు పాయింట్ సుబ్లీమ్ దాకా వెళ్లి రావొచ్చు. పూర్తి చుట్టులో ఒకరికోసం ఒకరు ఆగడం మొదలైతే ఇద్దరికీ టెన్షనే.

ఈ-బైక్ ఉన్నవారికి: పూర్తి చుట్టు వెళ్లొచ్చు, కానీ బ్యాటరీని కిలోమీటర్లతో కాకుండా ఎక్కుడుతో లెక్కేసుకోండి. ఎక్కువ సాయం పెట్టి మొదటి కొండ ఎక్కితే వోమాల్ దగ్గర బరువైన మామూలు సైకిల్ మిగులుతుంది. మధ్యలో ఛార్జింగ్ దొరుకుతుందని నమ్ముకోవద్దు.

ఒంటరిగా వెళ్లేవారికి: ఉత్తరపు అంచు. బండ్లు ఎక్కువున్నా ఊళ్లు ఉన్నాయి. లోయ గోడల మధ్య ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికి రావాలో బసలో చెప్పి వెళ్లండి. అత్యవసర నంబరు 112.

## సైకిల్, చట్టం, కాలం

గేర్ల విషయంలో మొహమాటం వద్దు. ముందు 34, వెనక 34 పళ్లుంటే, నిమిషానికి 60 సార్లు తొక్కినా గంటకి ఏడున్నర కిలోమీటర్లతో ఎక్కొచ్చు. ముందు 39, వెనక 28 అయితే అదే తొక్కుడికి పదిన్నర రావాలి. పది శాతం వాలులో ఆ తేడా అంటే దాదాపు 40 శాతం శక్తి అదనం. అద్దె సైకిల్ తీసుకునేవాళ్లు ఫ్రేమ్ కన్నా ముందు వెనక చక్రం పళ్లు లెక్కపెట్టాలి. 28 మిల్లీమీటర్ల టైర్లు, రెండు ట్యూబులు, కొత్త బ్రేక్ ప్యాడ్లు. రిమ్ బ్రేకుతో కార్బన్ చక్రాలైతే ఈ దిగుళ్లకి తీసుకురాకపోవడమే మంచిది, రిమ్ విపరీతంగా వేడెక్కుతుంది. గాలిచొక్కా ఒకటి జేబులో ఉండాలి: చెమటతో పైకెక్కి అలాగే దిగితే జూన్‌లో కూడా వణుకు పుడుతుంది.

ఫ్రాన్స్‌లో ఊరి బయట కార్లు సైకిల్‌కి 1.5 మీటర్ల దూరం ఇచ్చి దాటాలి. ఇరుకు రోడ్డు మీద అందరూ పాటిస్తారని అనుకోకుండా, గుడ్డి మలుపుల్లో మరీ అంచుకి జరగకండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తొక్కడం నిషేధం. ఊరి బయట రాత్రి, లేదా వెలుతురు సరిగ్గా లేనప్పుడు మెరిసే జాకెట్ తప్పనిసరి.

జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది, అక్టోబర్ చివర్లో సాయంత్రం ఆరులోపే చీకటి. ఎండాకాలం మధ్యాహ్నాలు ఉరుములతో వాన పడే రోజులుంటాయి. తడిసిన సున్నపురాయి రోడ్డు మీదికి చిన్న చిన్న రాళ్లు వదులుతుంది. వాన సూచన ఉన్న రోజు చుట్టు వదిలేసి క్రెత్ పొద్దున్నే ముగించండి.

చివరిగా కారు ఎక్కడ పెట్టాలన్నది. ముస్తియే సుమారు 630 మీటర్ల ఎత్తులో ఉంది, సరస్సు 480 లోపే. ఏ దిశలో చుట్టు తిరిగినా రోజు చివర్న ఊళ్లోకి ఆ 150 మీటర్లు ఎక్కాల్సిందే. గలెతా వంతెన దగ్గర సరస్సు పక్కన కారు పెట్టి మొదలుపెడితే ఆ ఎక్కుడూ, కొన్ని కిలోమీటర్లూ తప్పుతాయి. వేసవిలో అక్కడ పడవల కోసం వచ్చేవాళ్లతో పొద్దున్నే పార్కింగ్ నిండిపోతుంది. ఏడున్నరలోపు చేరగలిగితేనే ఈ ఉపాయం.